ఇలిల్తా ఎవరికోసం

మియాజ్యా 21

పదకోశం వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. ఆడవాళ్ళు సంతోషంలో నాలుక ఆడిస్తూ ఎత్తుకునే కేక 'ఇలిల్తా', ఆ మాటకి అర్థం, పుట్టుక, వాడుక, అన్నీ కలిపి ఒక్క పేజీ చాలునట. సంపాదకుడు బడిలో నా దగ్గర చదువుకున్నవాడే. "సార్, కాస్త గొడవ లేకుండా రాయండి" అన్నాడు. గొడవ లేకుండా రాసేవాళ్ళు అడిస్ అబాబా నిండా ఉన్నారు. వాళ్ళని అడగొచ్చుగా.

ఇప్పటికి పదకొండు పేజీలైంది. ఇంకా పుట్టుక దగ్గరే ఉన్నాను.

పొద్దున అబ్బా వోల్దె వచ్చాడు. మా ఇంటి గురువు. నేను ఆయన దగ్గర పాపాలు చెప్పుకోవడం మానేసి ముప్ఫై ఏళ్ళైంది, ఆయన మా ఇంట్లో కాఫీ తాగడం మాత్రం మానలేదు. ఇలిల్తా అంటే దేవదూతల అల్లెలూయా, మన ఆడవాళ్ళ నోట్లో పడి అలా మారింది అని ఆయన వాదన. ఒళ్ళు మండింది. గ్రంథం ఈ దేశానికి రాకముందు మన ఆడవాళ్ళకి సంతోషమే లేదా? వాన పడితే, పోయిన ఆవు దొరికితే, యుద్ధానికి వెళ్ళినవాడు కాళ్ళతో నడిచి వస్తే వాళ్ళేం చేశారు, నోరు మూసుకుని గ్రంథం కోసం ఎదురుచూశారా? నాలుక పళ్ళ వెనక కొట్టుకుంటే వచ్చే చప్పుడది. ఆ చప్పుడే దాని పేరు. దానికి తల్లీ తండ్రీ లేరు, అన్నాను.

ఆయన చిన్న కప్పు ఊదుకుంటూ, "నాయనా, ఇంట్లో పెళ్ళాంతో కూడా ఇలాగే మాట్లాడతావా?" అన్నాడు.

కాఫీ పోస్తున్న సినిదు తల ఎత్తకుండా, "మాట్లాడడు, రాస్తాడు" అంది.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

రాయాల్సిన అసలు సంగతి పుట్టుక కాదు, లెక్క. కొడుకు పుడితే ఏడుసార్లు, కూతురు పుడితే మూడు. గోడ అవతలివాళ్ళు వేళ్ళు మడుచుకుంటూ విని, ఎవరు పుట్టారో తెలుసుకుంటారు. మళ్ళీ బాప్తిస్మానికి కొడుకైతే నలభయ్యో రోజు గుడిలోకి, కూతురైతే ఎనభయ్యో రోజు. ఒకచోట తగ్గిస్తారు, ఒకచోట పెంచుతారు, ఎటు తిప్పినా నష్టం ఆడపిల్లకే. భూమ్మీద పడ్డ అర నిమిషానికి లోకం ఆమెకి చేసే మొదటి మర్యాద మార్కులు కోయడం.

ఈ చివరి వాక్యం ఉంచాలి.

మియాజ్యా 24

మా అమ్మాయి లెమ్లెమ్ ఈ నెల 29న వస్తోంది. నెలలు నిండేది వచ్చే నెల, గిన్బోత్ మూడోవారంలో అన్నారట డాక్టరు. అల్లుడు హెనోక్ ఆదామాలో ఉద్యోగం వదిలి ఉండలేడు, పిల్లని దింపి వెళ్తాడు. మొదటి కాన్పు మాత్రం తల్లి దగ్గరే జరగాలి. దీన్ని నేను వ్యతిరేకించను.

నా గది ఇచ్చేశాను. పుస్తకాలు మంచం కిందికి వెళ్ళాయి. సినిదు వెన్న కాచి మసాలా వేస్తోంది, ఇల్లంతా అదే వాసన. అత్తగారు ఎనభై నాలుగేళ్ళ మనిషి, పెరట్లో ఎండలో కూర్చుని బార్లీ ఏరుతూ గొంతు సవరించుకుంటోంది. నిజంగానే సవరించుకుంటోంది. ఈ కెబెనా పేటలో ఇలిల్తా అంటే ఆవిడదేనని పేరు. తేనె వేసిన గోరువెచ్చటి నీళ్ళు అడిగి తాగుతోంది.

"ఎవరొస్తారో తెలుసా అత్తయ్యా?" అన్నాను.

"ఎవరొచ్చినా ఊపిరి ఉండాలిగా" అంది.

గిన్బోత్ 1

లిదెతా. మరియమ్మ పుట్టినరోజు. వీధిలోనే పండగ. చాపలు పరిచారు, ఉడకబెట్టిన శనగలూ గోధుమలూ, పెద్ద రొట్టె, తెల్లా బీరు కుండ. లెమ్లెమ్ కుర్చీలో, కాళ్ళు పీట మీద. ఆడవాళ్ళంతా కలిసి ఇలిల్తా ఎత్తుకుంటే మా వీధి రేకుల కంచెలు అదిరాయి.

పక్కింటి దెబ్రితుని అడిగాను, మరియమ్మకి ఎన్ని పలికారని. ఎవరు లెక్కపెట్టారంది. అదే కదా అడుగుతున్నాను, ఆవిడా ఆడపిల్లే కదా, మూడుతో ఎందుకు ఆపలేదు? దేవుణ్ణి కన్నదాకా ఆవిడ సంగతి ఎవరికీ తెలీదు, పుట్టినరోజున ఆవిడ కూడా ఉత్త పక్కింటి ఆడపిల్లే. ఆవిడకి లేని లెక్క నీ కూతుళ్ళకెందుకు? ఇంత బలమైన వాదన ఇన్నేళ్ళు నాకు తట్టలేదంటే ఆశ్చర్యం.

దెబ్రితు నా చేతిలో గుప్పెడు శనగలు పెట్టింది. "తినండి అన్నయ్యా. నోరు ఖాళీగా ఉంటే మీకు ఇలాగే ఉంటుంది."

నవ్వుల మధ్య చూశాను. సినిదు ఒక్కతే పలకడం లేదు. చప్పట్లు కొడుతోంది, నవ్వుతోంది, నాలుక మాత్రం ఆడటం లేదు. పెళ్ళి కాకముందు వాళ్ళ అమ్మని మించిన గొంతు. నేను మొదట విన్నదీ అదే, మనిషిని తర్వాత చూశాను. ఎప్పుడు మానేసింది?

ఇంటికొచ్చాక అడిగాను. గిన్నెలు తోమాలి అంది.

గిన్బోత్ 4

దీన్ని ప్రశాంతంగా రాయాలి.

పొద్దున లెమ్లెమ్ నా పక్కన కూర్చుంది. ఆస్పత్రిలో కాన్పయ్యాక ఇంటికి ఫోన్ వస్తుంది కదా, అప్పుడు ఇలిల్తా వద్దంది. తను పిల్లతో గేటు దాకా వచ్చేవరకు ఆగాలి, తన చెవులతో వినాలి, మొదటినుంచి చివరిదాకా. అమ్మమ్మ, మరియమ్మ మీద ఒట్టు కూడా వేసిందట. బాగుంది, నాకేం అభ్యంతరం లేదన్నాను.

"ఇంకోటి నాన్నా. ఆ సమయానికి నువ్వు ఇంట్లో ఉండొద్దు."

మొదట అర్థం కాలేదు. రోడ్డు చివర కాఫీ కొట్లో కూర్చోమంది. ఫోన్ చేస్తుందట, అప్పుడు రావాలట.

"నా ఇంటికి నా మనవడో మనవరాలో వస్తుంటే నేను కాఫీ కొట్లోనా?"

"ఆడపిల్లైతే నువ్వు ఊరుకోలేవు. నాకు తెలుసు, నీకూ తెలుసు."

"ఊరుకోవాల్సిన విషయమా అది?"

"చూశావా" అంది. కోపంగా కాదు. నా చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల మడమో మోచెయ్యో అటూ ఇటూ కదిలింది. ఆ స్థితిలో వాదించలేకపోయాను, అందుకే ఇక్కడ వాదిస్తున్నాను.

ఇరవయ్యేడేళ్ళ కిందట జరిగింది ఇది. ఇదే ఇంట్లో, లోపలి గదిలో లెమ్లెమ్ పుట్టింది. గుమ్మం బయట అత్తగారూ మరో నలుగురూ ఇలిల్తా ఎత్తుకున్నారు. మూడు పలికి ఆపారు. నేను ముందుకెళ్ళి, మర్యాదగానే, మిగతా నాలుగు ఏవని అడిగాను. అంతే. నా కూతురి తరఫున ఆ వీధిలో మాట్లాడిన మొదటి మనిషిని నేను. దాని మీద నేను రాసిన వ్యాసం చదివి ఎంతమంది తండ్రులు ఉత్తరాలు రాశారు! ఇప్పుడు అదే కూతురు నన్ను కాఫీ కొట్టుకి పంపుతోంది.

గిన్బోత్ 5

వెళ్ళను.

గిన్బోత్ 5, మళ్ళీ

వెళ్తే ఓడిపోయినట్టు. వెళ్ళకపోతే అది ఏడుస్తుంది.

గిన్బోత్ 7

అత్తగారితో పేచీ పెట్టుకున్నాను. ఇదంతా మనవరాలికి నూరిపోసింది మీరేనా అన్నాను. బార్లీ జల్లెడ పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

నేను మూడయ్యాక మాట్లాడానన్నాను. మూడు ఎక్కడయ్యాయంది. రెండు పలికి, మూడోదానికి ఊపిరి తీసుకుంటుంటే నేను మధ్యలోకొచ్చి చెయ్యి అడ్డం పెట్టానట. మర్యాదగా కాదట. "మా పిల్ల అడుక్కునేదా, విదిలిస్తారేం" అని అరిచానట.

నాకు మూడని గుర్తు, అన్నాను.

"నీకు రాసింది గుర్తు అల్లుడూ. నాకు నోట్లో ఉండిపోయింది గుర్తు."

ముసలావిడ. ఎనభై నాలుగేళ్ళు. జ్ఞాపకాలు కలిసిపోతాయి. వ్యాసంలో స్పష్టంగా మూడనే ఉంది. పాత కాగితాలు తీసి చూశాను. మూడనే ఉంది.

గిన్బోత్ 9

సినిదు గెన్ఫో సంకటికి పిండి వేయిస్తోంది. బాలింతని చూడ్డానికి వచ్చేవాళ్ళందరికీ పెట్టాలి, పెద్ద పెనం. వెళ్ళి పక్కన నిలబడి అడిగాను, రెండా మూడా అని. ఏం రెండు ఏం మూడు అని అడగలేదు. గరిటె ఆపలేదు.

"రెండు విన్నాను. మూడోది రాలేదు. నీ గొంతు వినబడింది. ఏమంటున్నావో తెలీలేదు, అరుస్తున్నావని తెలిసింది."

ఆగి, పొయ్యి తగ్గించింది.

"దాన్ని కడగడానికని మంత్రసాని మూలకి తీసుకెళ్ళింది. నాకు ఆవిడ వీపే కనబడుతోంది. పిల్ల ఏడవడం లేదు. బయట ఇలిల్తా మధ్యలో ఆగిపోయింది, నువ్వు కేకలు పెడుతున్నావు. నేను ఇంకేం అనుకోవాలి?"

గరిటె పక్కన పెట్టింది.

"పోయింది అనుకున్నాను. పోయిందని మీకందరికీ తెలిసింది, నాకు చెప్పే ధైర్యం లేక లోపలికి రావట్లేదు అనుకున్నాను."

ఎంతసేపు అని అడిగాను.

"నీళ్ళు కాగేంతసేపు."

పిండి అడుగంటబోతే మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఇలిల్తా కోసం నోరు తెరిస్తే రెండు దాటి రావట్లేదట. మొదట్లో ఎవరూ లేనప్పుడు పెరట్లో ప్రయత్నించి చూసిందట. తర్వాత మానేసింది.

మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదన్నాను. ఇక్కడ కూడా నేను నిలదీస్తున్నట్టే అడిగాను, నాకు వినబడింది.

"మర్నాడే నువ్వు రాయడం మొదలుపెట్టావు. వారానికి పేపర్లో వచ్చింది. అందరూ చాలా బాగుందన్నారు" అంది. తర్వాత, "నిజంగా బాగుంది కూడా" అంది.

గిన్బోత్ 10

రెండు.

గిన్బోత్ 12

మూడు అన్యాయమే. ఇవాళ కూడా అన్యాయమే. ఎవరు ఏడ్చినా, ఎవరు తప్పుగా విన్నా అది మారదు. ఇది ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపు అన్నీ వదిలేసి మెత్తబడిపోయి, నా వయసు రచయితల్లాగా ఆచారాలన్నీ అందమైనవే అని రాయడం మొదలుపెడతాను.

అయితే ఆ రోజు నేను పోట్లాడింది ఎవరితో? అత్తగారితో. ఆవిడే నలుగురు ఆడపిల్లల్ని కన్నది. ఆ ఇంట్లో నాకు ఎదురు చెప్పలేని వాళ్ళతోనే పోట్లాడాను. నలభై, ఎనభై పెట్టిన గుడి ముందు మాత్రం వెళ్ళి అరవలేదు. అబ్బా వోల్దెకి కాఫీ ఇస్తున్నాను.

లెమ్లెమ్‌కి చెప్పాను, కాఫీ కొట్టుకి వెళ్తానని. మెడ పట్టుకుని ముద్దు పెట్టింది. దానికి ఈ సంగతంతా ఎప్పటినుంచి తెలుసో అడగలేదు.

గిన్బోత్ 13

పదకొండు పేజీలు చింపలేదు. సొరుగులో పెట్టాను. పదకోశానికి ఇవాళ ఇది పంపాను:

ఇలిల్తా: గుమ్మం బయట ఉన్న ఆడవాళ్ళు, లోపల పడుకుని ఉన్న మనిషికి, బిడ్డ బతికింది అని పంపే కబురు. తర్వాత పెళ్ళిళ్ళకీ పండగలకీ విజయాలకీ కూడా వాడారు.

సాయంత్రం సంపాదకుడి ఫోన్. "సార్, ఇంతేనా? మరి మాట ఎక్కణ్ణుంచి పుట్టింది?"

తెలీదన్నాను.

"ఒంట్లో బాగుందా సార్?" అన్నాడు.

ఇది ముందు అర్థం, పండగలవి తర్వాతవి అనడానికి ఆధారం ఉందా అని కూడా అడిగాడు. మంచి ప్రశ్న. నేనే నేర్పాను వాడికి. ఒక సాక్షి ఉంది, పేరు వేయడానికి ఒప్పుకోదు అన్నాను.

గిన్బోత్ 15

పొద్దున్నే నొప్పులు. హెనోక్ రాత్రే వచ్చాడు, అదృష్టం. కారులో అతనూ సినిదూ లెమ్లెమూ. గేటు దగ్గర వీధంతా నిలబడి మరియమ్మ నీకు తోడుండుగాక అని పంపారు. నేను సంచి అందించాను. లెమ్లెమ్ కిటికీలోంచి నా చొక్కా చెయ్యి పట్టుకుని, కారు కదిలాక వదిలింది.

కబురు లేదు.

గిన్బోత్ 16

మధ్యాహ్నం వరకూ కబురు లేదు. అత్తగారూ నేనూ ఇంజెరా రొట్టె ముట్టలేదు.

మూడున్నరకి సినిదు ఫోన్ చేసింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. రక్తం కాస్త ఎక్కువ పోయింది, రెండు రోజులు చూసి పంపుతారట. "బాగున్నారు, విన్నావా? ఇద్దరూ" అని రెండోసారి చెప్పింది. విన్నానన్నాను. మూడోసారి కూడా చెప్పింది.

అత్తగారికి చెప్పాను. రెండు చేతులూ పైకెత్తింది, నోరు తెరిచింది, ఒట్టు గుర్తొచ్చి భుజాల మీది నెతెలా శాలువా కొంగు ఉండచేసి నోట్లో కుక్కుకుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి అలా కళ్ళు పెద్దవి చేసి నన్ను చూస్తూ నిలబడింది. నా చేతులు పట్టుకుంది. ఇద్దరం పెరట్లో చప్పుడు చేయకుండా గిరగిరా తిరిగాం. ఇరవయ్యేడేళ్ళలో మేమిద్దరం ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం ఇదే మొదలు.

గిన్బోత్ 17

ఇవాళ్టిది సరిగ్గా రాయాలి.

పదకొండు గంటలకి అబ్బా వోల్దెకి కబురు చెప్పి, బజారులో కాఫీ గింజలు కొనుక్కుని ఇంటికొచ్చాను. గేటు తీసి ఉంది. ముందుగదిలో దెబ్రితు, మరో నలుగురు ఆడవాళ్ళు గోడ వారగా కూర్చుని ఉన్నారు. నెతెలాలు రంగు అంచు ముఖం దగ్గరికి వచ్చేలా తిప్పి కప్పుకున్నారు. అలా చావింటికే కప్పుకుంటారు.

మధ్యలో అత్తగారు. ఒట్టు పెట్టుకున్న మనిషి, నోరు తెరిస్తే ఇలిల్తా తన్నుకొస్తుందని నోటి నిండా కొంగు కుక్కుకుని, భుజాలు అదురుతుంటే కళ్ళు మూసుకుని కూర్చుంది. దెబ్రితు ఆవిడ వీపు నిమురుతోంది. "ఏడవండి ఎమామా, దాచుకోకండి" అంటోంది. అత్తగారు కాదు కాదని తల ఊపుతోంది. అలా ఊపుతుంటే వీళ్ళకి మరింత దుఃఖం వస్తోంది.

అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. మొన్న పొద్దున పిల్ల నొప్పులతో వెళ్ళడం వీధంతా చూసింది. నిన్న రోజంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. ఇలిల్తా లేదు. ఇవాళ పొద్దునా లేదు. ఇంకేం అనుకోవాలి?

లెమ్లెమ్ బాగుందని నాకు తెలుసు, పాప బాగుందని తెలుసు, గంట కిందటే ఫోన్‌లో దాని ఏడుపు విన్నాను. అన్నీ తెలిసి కూడా ఆ తిప్పి కప్పుకున్న అంచులు చూసేసరికి పోయిందేమో అనిపించింది. సినిదుకి అప్పుడు ఏమీ తెలీదు. ఇరవై రెండేళ్ళ పిల్ల. నీళ్ళు కాగేంతసేపు.

"బతికుంది" అన్నాను. అరిచాననుకుంటాను. "ఇద్దరూ బాగున్నారు. పాలు తాగుతోంది."

దెబ్రితు లేచి నా ముందుకొచ్చింది. ముందు ముఖం మీది అంచు కిందకి లాగింది. తర్వాత తిట్టింది. పెళ్ళాం పిల్లలున్న మనిషేనా మీరు, వీధి వీధంతా రాత్రినుంచి ముద్ద ముట్టలేదు, పేపర్లో దేశమంతటికీ చెప్తారు, గోడ పక్కవాళ్ళకి చెప్పలేరా అంది. చేతుల్లో కాఫీ గింజల సంచి పట్టుకుని నిలబడ్డాను. మిగతా నలుగురూ అప్పటికే లేచి ఊపిరి పీల్చుకుంటున్నారు, ఆ ఊపిరి దేనికో నాకు తెలుసు.

"ఆగండమ్మా" అన్నాను. "దయచేసి. రేపు పిల్ల వస్తుంది. తనే వినాలని అడిగింది. మొదటినుంచి చివరిదాకా."

ఎందుకు అని అడిగింది దెబ్రితు.

"తను పుట్టినప్పుడు నేను పూర్తి కానివ్వలేదు."

అత్తగారు కొంగు కొంచెం పక్కకి తీసి నన్ను చూసింది. ఇన్నేళ్ళు బతికి ఉన్నది మీ పెళ్ళాం సహనం అన్నయ్యా, అంటూ దెబ్రితు కూర్చుని కాఫీ గింజలు ఇటివ్వమంది.

జీవితంలో రెండోసారి ఆడవాళ్ళ ఇలిల్తా ఆపాను. ఈసారి అడిగి ఆపాను.

సాయంత్రం లెమ్లెమ్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఇదంతా చెప్పాను. నవ్వి, నవ్వితే కుట్లు లాగుతున్నాయని తిట్టింది. రేపు పదింటికల్లా కాఫీ కొట్లో ఉంటానన్నాను.

"గేటు ఎవరు తీస్తారు నాన్నా?" అంది.

మా రేకు గేటు కుడివైపు కుంగింది, పైకెత్తి లాగితేగానీ రాదు. ఆ ఎత్తడం నా ఒక్కడికే అలవాటు.

"నువ్వే తియ్యి. తీసి, ఏమీ మాట్లాడకుండా నిలబడు" అంది.

గిన్బోత్ 18

పదిన్నరకి కారు వచ్చింది. గేటు ఎత్తి లాగి పట్టుకుని నిలబడ్డాను. అత్తగారు గుమ్మంలో, ఆవిడ వెనక దెబ్రితూ వాళ్ళూ. నెతెలా అంచులన్నీ ఇవాళ కిందకే ఉన్నాయి.

లెమ్లెమ్ హెనోక్ భుజం పట్టుకుని దిగింది. ముఖం పాలిపోయి ఉంది. గేటు మధ్యలో ఆగి, "అమ్మమ్మా, ఇక కానియ్యి" అంది.

రెండు రోజులు లోపల పట్టి ఉంచింది కదా, ఆ ముసలి గొంతులోంచి అది వచ్చిన తీరు రాయడం నా వల్ల కాదు. ఒకటి. ఆడవాళ్ళంతా అందుకున్నారు. రెండు. రెండు దగ్గర లెమ్లెమ్ నా వైపు చూడలేదు, నేను చూస్తున్నానని తెలిసి. మూడు.

ఆగింది.

నా నోట్లో ఏముందో దేవుడికి తెలుసు, నేను దేవుణ్ణి నమ్మను కూడా. గేటు రేకు అంచు అరచేతిలో దిగబడేలా పట్టుకున్నాను.

అప్పుడు కారు అవతలివైపు నుంచి సినిదు పాపతో వచ్చింది. నేరుగా నా దగ్గరికొచ్చి, "పట్టుకో" అని మూట నా చేతుల్లో పెట్టింది. గేటు వదిలేశాను. పాప ముఖం గుప్పెడంత. ముక్కు మీద చిన్న తెల్ల చుక్కలు. సినిదు రెండడుగులు పెరట్లోకి వేసి, చెయ్యి పై పెదవి మీద అడ్డంగా పెట్టుకుంది.

మొదటిది బొంగురుగా వచ్చింది. రెండోది కాస్త నయం. రెండు అయ్యాక ఆగింది. కళ్ళు మూసుకుంది. నేను ఊపిరి బిగబట్టాను, అత్తగారూ బిగబట్టింది, ఆవిడకీ తెలుసని అప్పుడే తెలిసింది నాకు. మూడోది విరిగి, మధ్యలో ఏడుపులా మారి, మళ్ళీ నిలబడింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. నాలుగు, అయిదు, ఆరు. ఏడు. పెళ్ళికి ముందు గోడ అవతల నుంచి విన్న గొంతు అది. కొంచెం అరిగింది, అంతే.

లెమ్లెమ్ తల్లి భుజం మీద తల పెట్టేసింది.

వీధిలోంచి జనం రావడం మొదలైంది. వాళ్ళు గోడల అవతల వేళ్ళు మడుచుకున్నారు మరి. మూడూ ఏడూ. మొదట వచ్చిన ముసలాయన నా చేతుల్లోకి తొంగిచూసి, చుట్టూ వెతికి, "రెండోవాడేడీ?" అన్నాడు. ఆయన వెనకావిడ, ఒక ఆడ ఒక మగ, కవలలు, దేవుడు ఒకేసారి రెండు చేతులతో ఇచ్చాడు అని దండం పెడుతోంది. హెనోక్‌ని ఎవరో కౌగిలించుకుని ఇద్దరి పేర్లూ అడుగుతున్నారు. అతను బిక్కమొహం వేసుకుని కారులోకి చూస్తున్నాడు, నిజంగానే ఇంకొకణ్ణి ఆస్పత్రిలో మర్చిపోయి వచ్చామేమోనన్నట్టు.

దెబ్రితు నడుం మీద చేతులు పెట్టుకుని నన్నడిగింది. "అన్నయ్యా, మీరే చెప్పాలి. ఈ పది ఏమిటి?"

నా దగ్గర పదకొండు పేజీల జవాబుంది. సినిదుని అడగమన్నాను.

సినిదు కళ్ళు తుడుచుకుంటూ, మామూలు గొంతుతో, "ఆ మూడు దీనివి. ఈ ఏడు దాని తల్లివి. అప్పుడు కుదరలేదు" అంది.

దెబ్రితు నడుం మీది చేతులు దించింది. అత్తగారు మాత్రం, "గొంతు తుప్పు పట్టింది. తేనె నీళ్ళు తాగు" అని లోపలికెళ్ళి, గెన్ఫో మధ్యలో గుంట చేసి వెన్న పోయడం మొదలుపెట్టింది.

గిన్బోత్ 19

పొద్దున పాప, దాని తల్లి, నేను, ఎండలో.

నిన్నటినుంచి నాకొక అభ్యంతరం ఉంది. తిన్నాను, పడుకున్నాను, లేచాను, అది అలాగే ఉంది. రాసి ఊరుకుందామనుకున్నాను. సినిదు నా గురించి అన్న మాట గుర్తొచ్చింది. అందుకని రాయకుండా, మెల్లగా, మాట్లాడాను.

"లెమ్లెమ్. తల్లికి ఏడు వచ్చాయి, చాలా సంతోషం. కాని దీనికి మూడే వచ్చాయి కదా."

అది గట్టిగా నవ్వబోయి కుట్లు పట్టుకుంది. వంటింట్లోంచి సినిదు ఏమైందని అడిగింది. నాన్నకి ఇంకో నాలుగు కావాలట, అంది లెమ్లెమ్. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. నేను తల దించుకున్నాను.

"నిజమే నాన్నా, రావాలి" అంది లెమ్లెమ్. పాపని నా ఒళ్ళో పెట్టి, దుప్పటి సరిచేసింది. "ఇద్దాంలే, మెల్లగా. తొందరేముంది? ఇదెక్కడికీ పోవట్లేదుగా."